బెంచ్‌మార్క్ స్క్రిప్టుకు ఏ గడియారం? రన్‌టైమ్ కొలిచే పద్ధతుల్లో ఏది ఎప్పుడు వాడాలి

కోడ్ ఎంతసేపు నడిచిందో చూడాలంటే మనలో చాలామంది చెయ్యి తిరిగినట్టు రాసేసే మూడు లైన్లున్నాయి. పైన టైమ్.టైమ్() పిలిచి ‘స్టార్ట్’లో పెట్టుకోవడం, మధ్యలో అసలు పని, కింద మళ్లీ టైమ్.టైమ్() పిలిచి అందులోంచి ‘స్టార్ట్’ తీసేయడం. పది నిమిషాలు నడిచే స్క్రిప్టుకు సుమారుగా ఎంత పట్టిందో తెలియడానికి ఇది చాలు. అదే లెక్కకు బెంచ్‌మార్క్ (వేగాన్ని పోల్చి చూసే పరీక్ష) అని పేరు పెట్టి, ‘కొత్త కోడ్ పాతదానికంటే 7 శాతం వేగం’ అని మీటింగులో చెప్పాలంటే మాత్రం చాలదు. ఆ 7 శాతం కోడ్ వల్ల వచ్చిందో, గడియారం వల్ల వచ్చిందో, పక్కన తెరిచి ఉంచిన బ్రౌజర్ వల్ల వచ్చిందో ఆ మూడు లైన్లు చెప్పలేవు.

తొందరలో ఉన్నవాళ్లకు నా సలహా ముందే చెప్పేస్తాను. పైథాన్ కోడ్ లోపల ఒక ముక్కను కొలవాలంటే పెర్ఫ్_కౌంటర్ (మొత్తం గడిచిన సమయం) వాడండి, దాని పక్కనే ప్రాసెస్_టైమ్ (ప్రాసెసర్ మీ కోడ్ మీద పనిచేసిన సమయం, అంటే సీపీయూ టైమ్) కూడా తీసుకోండి. చిన్న చిన్న ఫంక్షన్లయితే చేత్తో లూప్ రాయకుండా, అదే పనిని చాలాసార్లు తిప్పి కొలిచే టైమిట్‌కు అప్పగించండి. మొత్తం ప్రోగ్రామునే బయటి నుంచి కొలవాలంటే హైపర్‌ఫైన్ అనే పనిముట్టు. టైమ్.టైమ్‌ను లాగ్‌లో తేదీ, సమయం వేయడానికి ఉంచుకోండి. ఎందుకో, ఈ సలహా ఎక్కడ చెల్లదో ఇక చూద్దాం. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్, లినక్స్ మీదే ఇస్తాను. మిగతా భాషల సంగతి మధ్యలో కొంచెం వస్తుంది.

టైమ్.టైమ్‌తో చిక్కేమిటి

టైమ్.టైమ్() ఇచ్చేది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. అంటే అది చదివేది కంప్యూటర్‌లో తేదీ, సమయం చూపించే గడియారాన్నే. ఆ గడియారాన్ని సరిదిద్దే చేతులు చాలా ఉంటాయి. ఎన్‌టీపీ సర్వీసు ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌తో పోల్చి దాన్ని ముందుకో వెనక్కో జరపవచ్చు. అడ్మిన్ చేత్తో మార్చవచ్చు. వర్చువల్ మెషీన్‌ను కాసేపు ఆపి మళ్లీ లేపితే గడియారం ఒక్క గంతు వేయవచ్చు. మీ రెండు రీడింగుల మధ్య ఇందులో ఏది జరిగినా తీసివేత తప్పుతుంది. ఒక్కోసారి జవాబు మైనస్‌లో కూడా వస్తుంది.

మైనస్‌లో రావడం పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. 2016 డిసెంబరు 31 చివర ప్రపంచ సమయానికి ఒక లీప్ సెకను (భూమి తిరిగే వేగంతో గడియారాన్ని సరిపెట్టే అదనపు సెకను) కలిపారు. మన గడియారాల్లో అది 2017 జనవరి 1 ఉదయం 5:30. సరిగ్గా అప్పుడే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు నెట్‌వర్క్ చిరునామా చెప్పే వ్యవస్థ) సాఫ్ట్‌వేర్‌లో రెండు సమయాల తేడా మైనస్‌లోకి వెళ్లింది. ఆ కోడ్ గో భాషలో రాసింది, సమయం వెనక్కి నడవదని నమ్ముకుని రాసింది. మైనస్ సంఖ్య ర్యాండమ్ నంబర్ ఇచ్చే ఫంక్షన్‌కు చేరేసరికి ప్రోగ్రామ్ పడిపోయింది, కొన్ని డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబులు ఆగాయి. 2017 ఆగస్టులో వచ్చిన గో 1.9 నుంచి టైమ్.నౌ() తనలోనే వెనక్కి నడవని రీడింగును కూడా మోసుకొస్తోంది, తీసివేతకు దాన్నే వాడుతుంది. కాబట్టి గోలో రాసేవాళ్లకు ఈ బెంగ చాలావరకు తీరిపోయింది. పైథాన్‌లో మాత్రం ఏ గడియారమో మనమే ఎంచుకోవాలి.

డేట్‌టైమ్.నౌ() ఇంకా అధ్వానం. టైమ్ జోన్ ఇవ్వకపోతే అది స్థానిక సమయం ఇస్తుంది. మన దేశంలో వేసవి సమయం (ఏడాదిలో కొన్ని నెలలు గడియారాన్ని గంట ముందుకు జరపడం) లేదు కాబట్టి హైదరాబాద్‌లోని ల్యాప్‌టాప్‌లో ఏ తేడా కనబడదు. అదే స్క్రిప్ట్ అమెరికా స్థానిక సమయానికి పెట్టిన సర్వర్‌లో మార్చిలోనో నవంబరులోనో గడియారం మార్చే ఆదివారం అర్ధరాత్రి దాటాక నడిచిందంటే గంట కలుస్తుంది లేదా గంట పోతుంది. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబులను కొలిచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండో చిక్కు సూక్ష్మతది. టైమ్.టైమ్() ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ఇస్తుంది. ఇప్పుడు ఆ సంఖ్య 170 కోట్లు దాటింది. అంత పెద్ద సంఖ్యను 64 బిట్ల ఫ్లోట్‌లో పెడితే పక్కపక్క విలువల మధ్య దూరమే సుమారు 238 నానోసెకన్లు ఉంటుంది. అంతకంటే చిన్న తేడా అందులో ఇమడదు. విండోస్‌లో సమస్య ఇంకా ముతక. పైథాన్ 3.13 వచ్చేదాకా అక్కడ టైమ్.టైమ్ వాడిన గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కదిలేది. 3 మిల్లీసెకన్లు పట్టే ఫంక్షన్‌ను దాంతో కొలిస్తే ఎక్కువసార్లు సున్నా వస్తుంది, అప్పుడప్పుడు 15.6 వస్తుంది. వీటి సగటు తీసి స్లైడులో పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు!

మరి టైమ్.టైమ్ ఎప్పుడు సరైనది? ఒక మెషీన్‌లో మొదలై మరో మెషీన్‌లో ముగిసే పనికి. పెర్ఫ్_కౌంటర్ ఇచ్చే సంఖ్యకు సొంతంగా అర్థం లేదు. అది ఎక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుందో డాక్యుమెంటేషనే చెప్పదు, ఒకే మెషీన్‌లో రెండు రీడింగుల తేడాకే విలువ. రిక్వెస్ట్ ఒక సర్వర్‌లో బయలుదేరి ఇంకో సర్వర్‌కు చేరేదాకా ఎంత పట్టిందో చూడాలంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తేదీ గడియారమే. అక్కడ రెండు గడియారాలూ ఎంత కలిసి నడుస్తున్నాయో అంతవరకే మీ కొలత నమ్మదగినది.

పెర్ఫ్_కౌంటర్, మోనోటానిక్

2012లో వచ్చిన పైథాన్ 3.3 పెర్ఫ్_కౌంటర్, మోనోటానిక్, ప్రాసెస్_టైమ్ అనే మూడు గడియారాలను ఇచ్చింది. వీటికి మూలం విక్టర్ స్టిన్నర్ తదితరులు రాసిన పెప్ 418 ప్రతిపాదన. అంతకుముందు అందరూ వాడిన టైమ్.క్లాక్() యూనిక్స్‌లో సీపీయూ టైమ్ ఇచ్చేది, విండోస్‌లో మొత్తం గడిచిన సమయం ఇచ్చేది. ఒకే లైను, రెండు సిస్టమ్‌లలో రెండు వేరే కొలతలు. 3.8లో దాన్ని పూర్తిగా తీసేశారు. పాత ట్యుటోరియల్‌లో అది కనిపిస్తే ఆ ట్యుటోరియల్‌లోని అంకెలను కూడా పక్కన పెట్టేయండి.

మోనోటానిక్, పెర్ఫ్_కౌంటర్ రెండూ వెనక్కి నడవవు. లినక్స్‌లో రెండూ కెర్నెల్‌ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోని ఒకే గడియారాన్ని చదువుతాయి, తేడా లేదు. తేడా ఉన్నది విండోస్‌లో. అక్కడ 3.13కు ముందు మోనోటానిక్ కూడా 15.6 మిల్లీసెకన్ల ముతక గడియారమే, పెర్ఫ్_కౌంటర్ మాత్రం మొదటి నుంచీ సూక్ష్మమైనది. అందుకే బెంచ్‌మార్కులకు పెర్ఫ్_కౌంటర్, టైమ్‌ఔట్‌లకు మోనోటానిక్ అని అలవాటు చేసుకుంటే ఏ సిస్టమ్‌లోనైనా ఇబ్బంది ఉండదు. మీ మెషీన్‌లో ఏది దేన్ని చదువుతోందో అనుమానం వస్తే టైమ్.గెట్_క్లాక్_ఇన్ఫోకు గడియారం పేరు ఇచ్చి ప్రింట్ చేయండి. వెనక ఏ సిస్టమ్ కాల్ ఉందో, దాన్ని సరిదిద్దడం వీలవుతుందో లేదో, సూక్ష్మత ఎంతో ఒకే లైనులో చూపిస్తుంది. పాత విండోస్ మెషీన్‌లో ఇది ఒక్కసారి నడిపి చూస్తే ఎవరూ ఇంకేమీ వివరించక్కర్లేదు.

పెర్ఫ్_కౌంటర్_ఎన్ఎస్ అని ఇంకోటి ఉంది, పైథాన్ 3.7 నుంచి. ఇది ఫ్లోట్ కాకుండా నానోసెకన్లను పూర్ణాంకంగా ఇస్తుంది. మెషీన్ ఆన్ చేసి 104 రోజులు దాటితే ఫ్లోట్‌లో నానోసెకను స్థాయి వివరం పోతుంది. నెలల తరబడి రీబూట్ చేయని సర్వర్‌లో చాలా చిన్న పనులను కొలుస్తుంటే ఇది వాడండి. లేకపోయినా పూర్ణాంకాలను సీఎస్‌వీలో రాసుకోవడం హాయిగా ఉంటుంది కాబట్టి నేను ఎక్కువగా ఇదే వాడతాను.

ల్యాప్‌టాప్ మూత వేస్తే ఏమవుతుందో కూడా చెప్పి ముందుకెళ్తాను. లినక్స్‌లో పెర్ఫ్_కౌంటర్ చదివే గడియారం సస్పెండ్‌లో ఉన్న సమయాన్ని లెక్కించదు. విండోస్‌లో లెక్కిస్తుంది. రాత్రంతా నడవాల్సిన బెంచ్‌మార్కును ల్యాప్‌టాప్‌లో నడపకపోవడమే మేలు.

గడిచిన సమయమా, సీపీయూ టైమా

నా దృష్టిలో అసలు ఎంపిక ఇక్కడుంది. పైవన్నీ ‘సరైన గడియారం ఏది’ అన్న ప్రశ్నలు, వాటికి ఒకే జవాబు ఉంటుంది. ఇది ‘మీకేం తెలియాలి’ అన్న ప్రశ్న.

విజయవాడలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేదాకా పట్టిన సమయం ఒకటి. అందులోంచి సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆపిన సమయం, టోల్‌గేటు దగ్గర నిలబడిన సమయం తీసేస్తే చక్రాలు తిరిగిన సమయం ఇంకొకటి. ప్రయాణికుడికి మొదటిది కావాలి, ఇంజన్ బాగుందో లేదో చూసే మెకానిక్‌కు రెండోది కావాలి. పెర్ఫ్_కౌంటర్ మొదటిది, ప్రాసెస్_టైమ్ రెండోది.

రెండు నిమిషాల్లో మీరే చూడొచ్చు. రెండు గడియారాల రీడింగూ తీసుకోండి, టైమ్.స్లీప్(2) రాయండి, మళ్లీ రెండు రీడింగులూ తీసుకోండి. పెర్ఫ్_కౌంటర్ తేడా 2 సెకన్ల కంటే ఆవగింజంత ఎక్కువ చూపిస్తుంది. ప్రాసెస్_టైమ్ దాదాపు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే ఆ రెండు సెకన్లూ ప్రాసెసర్ మీ ప్రోగ్రాము కోసం పనేమీ చేయలేదు. ఇప్పుడు స్లీప్ తీసేసి, నమ్‌పైలో రెండు పెద్ద మ్యాట్రిక్సులను గుణించండి. సాధారణంగా నమ్‌పై వెనకున్న లైబ్రరీ ఈ పనిని అన్ని కోర్లకూ పంచుతుంది. అప్పుడు కథ తిరగబడుతుంది: ప్రాసెస్_టైమ్ ఎక్కువ, పెర్ఫ్_కౌంటర్ తక్కువ. నాలుగు కోర్లు ఒక్కొక్క సెకను పనిచేస్తే గడిచింది ఒక సెకనే అయినా సీపీయూ టైమ్ నాలుగు సెకన్లు.

కాబట్టి సీపీయూ టైమ్ ఒక్కదాన్నే చూసి వేగం గురించి మాట్లాడకూడదు. ఒకే థ్రెడ్‌లో నడిచే కోడ్‌ను నాలుగు థ్రెడ్లకు పంచి వాడేవాడి నిరీక్షణను మూడో వంతుకు తగ్గించినా, సీపీయూ టైమ్ పెరిగిందనే చూపిస్తుంది. డేటాబేసు జవాబు కోసం ఎదురుచూసే కోడ్‌లో అయితే మీరు ఎంత మెరుగుపరిచినా, ఎంత పాడుచేసినా సీపీయూ టైమ్ పెద్దగా కదలదు.

అలాగని గడిచిన సమయం ఒక్కదాన్నే తీసుకున్నా సగమే తెలుస్తుంది. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు వాటి మధ్య ఖాళీయే ఎక్కువ మాట్లాడుతుంది. ఒకే థ్రెడ్ ప్రోగ్రాములో గడిచిన సమయం 10 సెకన్లు, సీపీయూ టైమ్ 9.8 అయితే లెక్కలు చేసే కోడే భారం, అల్గారిథమ్ మీద పని చేయండి. 10కి 1.5 అయితే డిస్కు, నెట్‌వర్క్, లాక్ వీటిలో దేనికోసమో ఎదురుచూస్తోంది, లూప్‌ను చక్కదిద్దుకుంటూ కూర్చోవడం దండగ. నిన్న 10కి 9.8 ఉన్నది ఈరోజు 13కి 9.8 అయిందంటే మీ కోడ్ మారలేదు, అదే మెషీన్ మీద ఇంకేదో నడుస్తూ సీపీయూను పంచుకుంటోంది. అందుకే రెండు రీడింగులూ తీయమని మొదట్లోనే చెప్పాను. ఖర్చు ఒక్క లైను.

ప్రాసెస్_టైమ్‌లో ఒక గొయ్యి ఉంది. అది మీ ప్రాసెస్‌ను మాత్రమే లెక్కిస్తుంది. సబ్‌ప్రాసెస్‌తో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి వేరే ప్రోగ్రామును పిలిచినా, మల్టీప్రాసెసింగ్‌తో నలుగురు వర్కర్లను లేపినా వాళ్ల పని ఇందులోకి రాదు. అప్పుడు ఓఎస్.టైమ్స్() వాడండి. అది సొంత సమయం, పిల్ల ప్రాసెస్‌ల సమయం విడివిడిగా ఇస్తుంది. పిల్ల ప్రాసెస్ ముగిసి, మీ ప్రోగ్రాము దాని కోసం వేచి చూశాకే ఆ లెక్కలోకి చేరుతుందని మరవకండి.

బయటి నుంచి కొలవడం

మొత్తం ప్రోగ్రామును కొలవడానికి అందరికీ తెలిసింది టెర్మినల్‌లో కమాండ్ ముందు ‘టైమ్’ అని రాయడం. రియల్, యూజర్, సిస్ అని మూడు అంకెలు వస్తాయి. రియల్ అంటే గడిచిన సమయం. యూజర్, సిస్ కలిపితే సీపీయూ టైమ్. సిస్ పెద్దదిగా కనిపిస్తే కెర్నెల్‌లో ఎక్కువ పని జరుగుతోందని అర్థం. ఫైలును ఒక్కో బైటు చొప్పున చదివే కోడ్‌ను ఇది ఇట్టే పట్టిస్తుంది.

బ్యాష్‌లోని టైమ్ వేరు, యూఎస్‌ఆర్ బిన్ ఫోల్డరులో ఉండే టైమ్ ప్రోగ్రాము వేరు. బ్యాష్‌ది పైపులతో కలిపిన మొత్తం వరుసను కొలుస్తుంది, మిల్లీసెకన్ల దాకా చూపిస్తుంది. రెండోది మొదటి కమాండ్‌ను మాత్రమే కొలుస్తుంది, సెకనులో నూరో వంతు దాకే చూపిస్తుంది. కానీ లినక్స్‌లో దానికి ‘వీ’ ఆప్షన్ ఇస్తే ప్రోగ్రాము గరిష్ఠంగా ఎంత మెమరీ వాడిందో కూడా చెబుతుంది. సమయం కంటే మెమరీయే సమస్యగా ఉన్న రోజుల్లో నేను నేరుగా దీని దగ్గరికే వెళ్తాను.

షెల్ స్క్రిప్టులో ముందూ వెనకా ‘డేట్’ కమాండ్‌తో నానోసెకన్లు తీసి తీసివేసే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. తొమ్మిది అంకెలు చూసి అంత సూక్ష్మంగా కొలిచేశామని మురిసిపోకండి. డేట్ అనేది వేరే ప్రోగ్రాము. దాన్ని లేపడానికే మిల్లీసెకను అటూఇటుగా పడుతుంది, పైగా అది చదివేది తేదీ గడియారాన్నే. బ్యాష్ 5.0 నుంచి ఎపోక్‌రియల్‌టైమ్ అనే వేరియబుల్ ఉంది, కొత్త ప్రోగ్రాము లేపకుండానే మైక్రోసెకన్ల దాకా ఇస్తుంది. అదీ తేదీ గడియారమే. నిమిషాలు పట్టే పనులకు ‘సెకండ్స్’ అనే పాత వేరియబులే చాలు.

రెండు కమాండ్లలో ఏది వేగం అన్న ప్రశ్నకు వీటన్నిటికంటే హైపర్‌ఫైన్ మేలు. డేవిడ్ పీటర్ రస్ట్‌లో రాసిన ఓపెన్ సోర్స్ పనిముట్టు ఇది. రెండు కమాండ్లు కోట్స్‌లో ఇస్తే ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు నడిపి సగటు, అటూఇటూ ఎంత ఊగిందో, కనిష్ఠం, గరిష్ఠం చూపించి, ఏది ఎన్ని రెట్లు వేగమో చెబుతుంది. షెల్‌ను లేపడానికి పట్టే సమయాన్ని ముందే కొలిచి తీసేస్తుంది. కొన్ని పరుగులు మిగతావాటితో పొంతన లేకుండా వస్తే హెచ్చరిస్తుంది కూడా. 5 మిల్లీసెకన్ల లోపు ముగిసే కమాండ్లకు షెల్ లేకుండా నడిపే ఆప్షన్ వాడండి, లేకపోతే షెల్ రొదలో అసలు సంగతి మునిగిపోతుంది.

హైపర్‌ఫైన్‌లో ‘వార్మప్’ (కొలతకు ముందు లెక్కలోకి రాని పరుగులు) పెట్టాలా, ‘ప్రిపేర్’ (ప్రతి పరుగుకు ముందు నడిపే కమాండ్) పెట్టాలా అన్నది బాగా ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. ఫైలు మొదటిసారి డిస్కు నుంచి వస్తుంది. రెండోసారి నుంచి, ర్యామ్‌లో చోటుంటే, పేజీ క్యాష్ (సిస్టమ్ ర్యామ్‌లో దాచుకున్న కాపీ) నుంచి వస్తుంది. 2 జీబీల లాగ్ ఫైలులో వెతికే ప్రోగ్రామును పదిసార్లు నడిపితే తొమ్మిదిసార్లు మీరు కొలిచింది ర్యామ్‌నే. మీ వాడకందారు అదే ఫైలును రోజంతా తిప్పి తిప్పి వెతికేవాడైతే అది సరైన కొలత, వార్మప్ పెట్టండి. రోజుకోసారి కొత్త ఫైలు మీద నడిపేవాడైతే ప్రతి పరుగుకు ముందు క్యాష్ ఖాళీ చేయించండి, లినక్స్‌లో డ్రాప్_క్యాషెస్ ఫైలులో 3 అని రాస్తే సరి, దానికి రూట్ అనుమతి కావాలి. పాత కోడ్‌ను మొదట నడిపి కొత్త కోడ్‌ను తర్వాత నడిపి ‘చూశారా, ఎంత వేగమో’ అనే బెంచ్‌మార్కుల్లో చాలావాటి గుట్టు ఈ క్యాషే.

టైమిట్, చేత్తో రాసిన లూప్, పైపెర్ఫ్

పెర్ఫ్_కౌంటర్‌ను ఒకసారి పిలవడానికే పదుల నానోసెకన్లు పడుతుంది. డిక్షనరీలో ఒక కీ వెతకడమూ దాదాపు అంతే పని. కాబట్టి అలాంటి పనికి ముందొకసారి, వెనకొకసారి గడియారం చూస్తే కొలిచింది గడియారాన్నే. లక్షసార్లు, పది లక్షలసార్లు చేయించి మొత్తాన్ని భాగించాలి. టైమిట్ చేసేది అదే. కమాండ్ లైనులో పిలిస్తే, మొత్తం కనీసం 0.2 సెకను అయ్యేదాకా ఎన్నిసార్లు తిప్పాలో తానే తేల్చుకుంటుంది, అలా ఐదు విడతలు నడుపుతుంది.

చేత్తో రాసిన లూప్ కంటే టైమిట్ నయం అనడానికి ఇంకో కారణం ఉంది. స్క్రిప్టులో ఫంక్షన్ బయట రాసిన లూప్‌లో పేర్లన్నీ గ్లోబల్. పైథాన్ వాటిని ప్రతిసారీ డిక్షనరీలో వెతుకుతుంది. టైమిట్ మీ కోడ్‌ను ఒక ఫంక్షన్ లోపల పెట్టి నడుపుతుంది కాబట్టి అసలు వాడకానికి దగ్గరగా ఉంటుంది. మరోవైపు, అది కొలిచేటప్పుడు గార్బేజ్ కలెక్టర్‌ను (వాడకం అయిపోయిన మెమరీని ఖాళీ చేసే భాగాన్ని) ఆపేస్తుంది. పోలికకు అది మంచిదే. కానీ మీ కోడ్ లక్షల ఆబ్జెక్టులు సృష్టించేదైతే కలెక్టర్ ఖర్చు కూడా మీ ఖర్చే, సెటప్‌లో జీసీ.ఎనేబుల్() పెట్టి మళ్లీ కొలవండి.

ఐదు విడతల్లో ఏ అంకె తీసుకోవాలి? టైమిట్ డాక్యుమెంటేషన్ కనిష్ఠాన్ని చూడమంటుంది, పై అంకెలు సాధారణంగా పక్క ప్రాసెస్‌ల అడ్డంకి వల్ల వస్తాయి కాబట్టి. లెక్కలు మాత్రమే చేసే చిన్న ఫంక్షన్‌కు నేను దీనితో ఏకీభవిస్తాను. నెట్‌వర్క్, డిస్కు, డేటాబేసు ఉన్న పనికి ఒప్పుకోను. అక్కడ ఊగిసలాట బయటి నుంచి వచ్చి పడింది కాదు, ఆ పని స్వభావమే అది. అన్నీ కలిసొచ్చిన ఒక్క పరుగును చూపించి ఏపీఐ వేగం ఇంత అంటే ఎలా? అక్కడ మీడియన్ (మధ్య విలువ), దాంతోపాటు 95వ పర్సెంటైల్ (నూటికి 95 పరుగులు ముగిసిన సమయం) ఇవ్వండి. సగటును మాత్రం ఎక్కడా ఒంటరిగా వదలకండి, ఒక్క పరుగు ఎక్కడో ఇరుక్కుంటే చాలు, సగటు మొత్తం దాని వెంటే పోతుంది.

టైమిట్‌కు ఉన్న పరిమితి ఏమిటంటే విడతలన్నీ ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. పైథాన్ ప్రతిసారి లేచినప్పుడు స్ట్రింగుల హ్యాషింగ్ మారుతుంది, మెమరీలో వస్తువుల చోట్లు మారతాయి. ఒక ప్రాసెస్‌లో ఐదుసార్లూ ఒకేలా వచ్చిన అంకె, స్క్రిప్టును మళ్లీ నడిపితే ఇంకోలా స్థిరపడవచ్చు. విక్టర్ స్టిన్నరే మొదలుపెట్టిన పైపెర్ఫ్ దీనికోసమే మామూలుగా 20 వేరు వేరు ప్రాసెస్‌లు లేపి కొలుస్తుంది. లైబ్రరీ విడుదల చేస్తూ ‘2 శాతం వేగం పెరిగింది’ అని రాయాలనుకునేవాళ్లకు ఇది అవసరం. ఆఫీసు స్క్రిప్టులో రెండు పద్ధతుల మధ్య మూడు రెట్ల తేడా చూసుకునేవాళ్లకు అక్కర్లేదు.

గడియారం ఆపే చోటు

గడియారం సరైనదే అయినా పని పూర్తి కాకముందే ఆపితే అంకె అద్భుతంగా వస్తుంది. పైథాన్‌లో మ్యాప్, జనరేటర్ వెంటనే తిరిగొచ్చేస్తాయి, అసలు పని వాటి మీద లూప్ తిప్పినప్పుడు మొదలవుతుంది. జాంగో క్వెరీసెట్, స్పార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్లు కూడా అంతే. స్పార్క్‌లో కౌంట్ లాంటి యాక్షన్ వచ్చేదాకా క్లస్టర్ కదలదు. ఫిల్టర్ లైను ముందూ వెనకా గడియారం పెట్టి కొలిస్తే మీరు కొలిచింది ప్లాన్ రాసుకున్న సమయం.

జీపీయూ మీద ఇది ఇంకా తేలిగ్గా దాటిపోతుంది. పైటార్చ్‌లో ‘కుడా’ (CUDA, ఎన్విడియా జీపీయూల మీద పని నడిపే వ్యవస్థ) కోడ్ పని జాబితాను జీపీయూకు అందించి ఎదురుచూడకుండా ముందుకెళ్తుంది. పెర్ఫ్_కౌంటర్ ఆపే ముందు, మొదలుపెట్టే ముందు కూడా, టార్చ్.కుడా.సింక్రనైజ్() పిలవాలి. లేదా కుడా ఈవెంట్లు వాడితే జీపీయూయే తన వైపు సమయం వేస్తుంది, సుమారు అర మైక్రోసెకను సూక్ష్మతతో. మోడల్ ట్రైనింగ్ ఒక స్టెప్ ఎంత పడుతుందో చూడాలంటే సింక్రనైజ్ చాలు. ఒక్కో కెర్నెల్‌ను (ఇక్కడ జీపీయూ మీద నడిచే ఫంక్షన్‌ను) పోల్చాలంటే ఈవెంట్లు. జాక్స్ వాడేవాళ్లకు ఫలితం మీద బ్లాక్_అంటిల్_రెడీ ఉంది.

మిగతా భాషలవాళ్లకు క్లుప్తంగా. జావాలో కరెంట్‌టైమ్‌మిల్లిస్ వద్దు, నానోటైమ్ వాడండి. కానీ జిట్ కంపైలర్ కోడ్‌ను నడుస్తుండగానే మార్చేస్తుంది కాబట్టి చిన్న ఫంక్షన్లకు చేత్తో రాసిన లూప్ నమ్మకండి, ఓపెన్‌జేడీకే వాళ్ల బెంచ్‌మార్క్ పనిముట్టు జేఎంహెచ్ వాడండి. సీ ప్లస్ ప్లస్‌లో స్టెడీ_క్లాక్. హై_రిజల్యూషన్_క్లాక్ అన్న గొప్ప పేరు చూసి మోసపోవద్దు, జీసీసీతో వచ్చే లైబ్రరీలో అది తేదీ గడియారానికి మారుపేరు మాత్రమే. నోడ్‌లో హెచ్ఆర్‌టైమ్.బిగ్ఇంట్. బ్రౌజర్‌లో పెర్ఫార్మెన్స్.నౌ, అయితే 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు దాన్ని కావాలనే మొద్దుబార్చాయి. క్రోమ్‌లో మామూలు పేజీకి 100 మైక్రోసెకన్లు, క్రాస్ ఆరిజిన్ ఐసొలేషన్ ఉన్న పేజీకి 5. అంతకంటే చిన్న పనిని అక్కడ లూప్‌లో పెట్టే కొలవాలి.

ప్రాసెసర్‌లోని టైమ్ స్టాంప్ కౌంటర్‌ను నేరుగా చదువుతామనే ఉత్సాహవంతులూ ఉంటారు. పైథాన్ స్క్రిప్టుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా నేటి ప్రాసెసర్లలో ఆ కౌంటర్ స్థిరమైన వేగంతో తిరుగుతుంది, కోర్ అసలు వేగంతో కాదు. టర్బోలో (కోర్ తన వేగం పెంచుకుని) ఉన్నప్పుడు అది చూపేవి మీ కోడ్ వాడిన సైకిళ్లు కావు.

ఏ మెషీన్ మీద

ల్యాప్‌టాప్ వేడెక్కితే వేగం తగ్గిస్తుంది, ఛార్జర్ తీస్తే ఇంకా తగ్గిస్తుంది. చౌక క్లౌడ్ మెషీన్‌లో సీపీయూను ఇంకొకరితో పంచుకుంటారు. సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ పరీక్షలు తనంతట తానే నడిపే ఏర్పాటులో) దొరికే షేర్డ్ రన్నర్లయితే ఈరోజు ఒక ప్రాసెసర్, రేపు ఇంకోటి. సీఐలో ప్రతి కమిట్‌కూ గడిచిన సమయం కొలిచి వేగం 3 శాతం తగ్గితే బిల్డ్ ఆపేసే ఏర్పాటు పెడితే, వారం తిరక్కుండానే టీమ్ మొత్తం దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అక్కడ సమయానికి బదులు ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెట్టడం మంచి దారి. ఎస్‌క్యూలైట్ బృందం చిన్న చిన్న మెరుగుదలలను చూడటానికి ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెట్టే క్యాష్‌గ్రైండ్ అనే పనిముట్టుతో ఇదే చేస్తుంది, ఎన్నిసార్లు నడిపినా అంకె దాదాపు మారదు కాబట్టి. దీనికి వెల కూడా ఉంది: ప్రోగ్రాము చాలా నెమ్మదిగా నడుస్తుంది, డిస్కు కోసం, నెట్‌వర్క్ కోసం ఆగిన సమయం ఇందులో కనిపించదు. ఇన్‌స్ట్రక్షన్లు తగ్గినా మెమరీ కోసం ఎదురుచూపు పెరిగి మొత్తంగా నెమ్మదించే కోడ్ కూడా ఉంటుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కొత్త కోడ్‌ను పాతదానితో పోల్చే ముందు పాత కోడ్‌ను పాత కోడ్‌తోనే పోల్చి చూడండి. అదే ఫైలుకు రెండు పేర్లు పెట్టి అదే స్క్రిప్టుతో నడపండి. రెండింటి మధ్య 4 శాతం తేడా చూపించిందంటే మీ ఏర్పాటుకు 4 శాతం లోపు తేడాను పట్టే శక్తి లేదు. అప్పుడు ఒకదాన్ని ఇరవైసార్లు నడిపి తర్వాత రెండోదాన్ని ఇరవైసార్లు నడపడం మానేసి, ఒకటి విడిచి ఒకటి నడపండి. మెషీన్ వేడెక్కినా, పక్క ప్రాసెస్ లేచినా రెండింటి మీదా సమానంగా పడుతుంది. ఆ తర్వాత కూడా అదే కోడ్ తనతో తానే 4 శాతం తేడా చూపిస్తుంటే పరుగుల సంఖ్య పెంచండి, లేదా మెషీన్ మార్చండి.